ఇల్లూ వాకిలీ: పెట్టెలోని బల్లి గుడ్లు పెడితే

బల్లి మీద పడితే ఏమి ఫలమో చెప్పడానికి మన పంచాంగాలలో ఒక పుట ఉన్నది. తలమీద పడితే ఒకటి, భుజంమీద పడితే ఒకటి. మగవారికి ఒక తీరు, ఆడవారికి ఇంకొక తీరు. కాని బల్లి ఇంట్లో గుడ్లు పెడితే ఏమి చేయాలో నేను చూసిన పంచాంగం ఏదీ చెప్పదు. అందువల్లనే కాబోలు, పోయిన వైశాఖంలో మన తిరునిన్రవూరులోనే ఒక తెలుగువారి ఇంట అటువంటి చిక్కు వచ్చినప్పుడు, ఆ ప్రశ్న పంచాంగం దాటి ఈ శీర్షిక వ్రాసే మనిషిని వెదుక్కుంటూ వచ్చింది. పేర్లు వ్రాయవద్దన్నారు. సంగతి మాత్రం వ్రాస్తే నలుగురికీ పనికి వస్తుందన్నారు.

ఆ ఇంటి అవ్వగారి పుట్టిల్లు తిరుత్తణి. సరిహద్దులు మారి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది 1960 ఏప్రిల్‌లో గదా. అంతకు ముందటి ఏడే ఆవిడ ఈ ఊరికి కోడలుగా వచ్చింది. "నేను రాష్ట్రం దాటి వచ్చాను, మా పుట్టిల్లు నా వెనకాలే వచ్చేసింది" అని నవ్వుతూ ఉంటుంది. ఆవిడ మనుమడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడి స్నేహితుడొకడు పైచదువుకు విదేశం పోతూ, తాను పెంచుకుంటున్న బల్లిని గాజుపెట్టెతో సహా వీడికి అప్పగించి వెళ్లాడు. మన గోడబల్లి కాదు అది. పసుపు ఒంటిమీద నల్లమచ్చలు, లావుపాటి తోక. చిరుతబల్లి అనవచ్చును. 1854లో బ్లైత్ అనే ఆయన దీనికి శాస్త్రనామం పెట్టాడు. అది పంజాబులోని ఉప్పుకొండల ప్రాంతపు ప్రాణి, ఇప్పుడా కొండలు పాకిస్తానులో ఉన్నవి. గోడ ఎక్కలేదు, కాలివేళ్లకు మన బల్లికి ఉన్న మెత్తలు లేవు. మన బల్లికి లేని కనురెప్పలు మాత్రం దీనికి ఉన్నవి. మన గోడబల్లి నాలుకతో కన్ను తుడుచుకుంటుంది. ఇది హాయిగా కన్ను మూసి నిద్రపోతుంది. మగదేనని ఆ స్నేహితుడు చెప్పగా దానికి రాజా అని పేరు పెట్టుకున్నారు.

నాలుగు నెలలు గడిచినవి. ఒకనాటి ఉదయం తొమ్మిదేళ్ల మనుమరాలు పురుగులు వేద్దామని మూత తీసి చూసేసరికి, పెట్టెలో తడి ఉండే మూల రెండు తెల్లటి గుడ్లు! రాజా కాస్తా రాణి అయింది.

ఆ ఇంట్లో పెద్ద మనుమరాలి పెండ్లికి అప్పటికి ఇరవై రోజులే ఉన్నది. పందిరి గుంజలు కూడా వచ్చి వాకిట పడి ఉన్నవి. అవ్వ ఒక్కమాటే అన్నది: "ఒంటిగా ఉన్న బల్లి గుడ్లు పెట్టడమేమిటే? పెండ్లివారి ఇంట్లో ఇది మంచిది కాదు. పొద్దు గూకేలోగా పెట్టే, బల్లీ, గుడ్లూ అన్నీ గుమ్మం దాటాలి." చిన్నపిల్ల ఏడుపు. పిల్లవాడు కాలేజీలో ఉన్నాడు. కోడలు నడుమ నలిగి నాకు కబురు పెట్టింది.

నేను వెళ్లి అవ్వను అడిగినది ఒకటే. "అత్తయ్యా, తిరుత్తణిలో మీ ఇంట కోళ్లుండేవి గదా? పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టడం మానేసేదా?" ఆవిడ కాసేపు ఊరుకున్నది. "మానదు. కాని ఆ గుడ్డు పొదిగితే పిల్ల కాదు" అన్నది. ఇదీ అంతే. చిరుతబల్లి ఆడది ఈడుకు వచ్చిన తరువాత మగదాని ముఖం చూడకపోయినా గుడ్లు పెట్టవచ్చును. అవి వట్టి గుడ్లు. శకునమూ కాదు, వింతా కాదు. ఈ మాట ఏ శాస్త్రజ్ఞుడు చెప్పినా ఆవిడ వినేది కాదని నా నమ్మకం. పెట్టకోడి చెప్పగా విన్నది.

అయితే ఇంకొక దారి కూడా ఉన్నది. ఆడబల్లులు కొన్ని జాతులలో మగదానితో కలిసిన తరువాత ఆ బీజాన్ని ఒంట్లోనే దాచుకొని, కావలసినప్పుడు వాడుకుంటవి. ట్చిక్ ట్చిక్ అని పలికే మన ఇంటిబల్లి జాతిలో ఇది ఎనిమిది నెలలదాకా సాగినట్లు పరిశోధించినవారు చూశారు. ఒక్క ఆడబల్లి ఓడసామానులో దాక్కొని ఎక్కడో ద్వీపంలో దిగినా అక్కడ సంతానం వృద్ధి కావడానికి ఇదొక కారణం. సరే, సాయంత్రం పిల్లవాడు వచ్చి విదేశంలోని స్నేహితుడికి ఫోను చేశాడు. వాడు నీళ్లు నములుతూ, తన దగ్గర మొదట రెండు బల్లులు ఉండేవనీ, రెండవదాన్ని వేరొకరికి ఇచ్చేశాననీ చెప్పాడు. కాబట్టి ఆ గుడ్లలో ప్రాణం ఉన్నా ఉండవచ్చును.

ఇది తెలిసేలోగా జరగవలసిన పని ఒకటి ఉన్నది, అది ముందే జరిగిపోయింది గనుక సరిపోయింది. ఈ శీర్షికలో ఇంకేమి మరచినా చదువరులు దీన్ని మరువవద్దు. గుడ్డును తిప్పకూడదు! కోడి రోజుకు ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లను దొర్లిస్తుంది. కోడిగుడ్డు పగులగొట్టినప్పుడు పచ్చసొనకు రెండు ప్రక్కల తెల్లటి మెలికల త్రాడు కనబడుతుంది చూడండి, ఆ త్రాళ్లు సొనను ఊయలవలె పట్టి ఉంచుతవి, అందుచేత ఎటు తిప్పినా నష్టం లేదు. బల్లి గుడ్డులో, తాబేలు గుడ్డులో, మొసలి గుడ్డులో ఆ త్రాళ్లు లేవు. పెట్టిన ఒకటి రెండు రోజులలోనే పిండం పైభాగాన పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది. ఆ తరువాత తలక్రిందులు చేస్తే పిండం చెడిపోతుంది. చెన్నై సముద్రతీరంలో 1988 నుండి తాబేలు గుడ్లను కాపాడుతున్న విద్యార్థులు రాత్రివేళ గుడ్లను తీసి వేరే ఇసుకలో పాతిపెట్టడంలో అంత తొందర, అంత మెలకువ పాటించడం ఇందుకే. మనమైతే పెన్సిలుతో గుడ్డు పైభాగాన చిన్న చుక్క పెట్టి, ఆ చుక్క ఎప్పుడూ ఆకాశం చూసేటట్లు ఉంచితే చాలును. కోడలు నాతో ఫోనులో మాట్లాడుతూనే ఆ చుక్క పెట్టేసింది. కాటుకతో పెడదామా అని చిన్నపిల్ల అడిగిందట.

చిరుతబల్లి గుడ్డు పెంకు మెత్తన, తోలువంటిది. అది చుట్టూ ఉన్న తడిని పీల్చుకొని కొంచెం కొంచెంగా ఉబ్బుతుంది. పొడిగా ఉంచితే సొట్టపడి ఎండిపోతుంది. నీళ్లలో ఉంచితే బూజు పడుతుంది. మిద్దెతోటలకు మొక్కల అంగళ్లలో అమ్మే వెర్మిక్యులైట్ అనే తేలిక మన్ను దీనికి మంచిది. దాని బరువెంతో అంతే బరువు నీళ్లు కలిపి, పిడికిట పిండితే చుక్క కారకుండా ఉండేటట్లు చూసుకోవాలి. మూతగల చిన్న డబ్బాలో ఆ మన్ను పోసి, బొటనవ్రేలితో గుంట చేసి, గుడ్డును సగం మునిగేటట్లు కూర్చోబెట్టి, మూతకు రెండు సూదిబెజ్జాలు పెట్టాలి. వారానికి ఒకసారి మూత తీసి విసిరితే గాలి మారుతుంది. నీళ్లు గుడ్డుమీద పోయరాదు.

ఇంతవరకు ఏ పుస్తకమైనా చెబుతుంది. అసలు చిక్కు తరువాత వచ్చింది. ఈ బల్లుల పెంపకంమీద పుస్తకాలు వ్రాసినవారు చలిదేశాలవారు. గుడ్డుకు వేడి ఎలా అందించాలి, ఏ విద్యుద్దీపం పెట్టాలి, ఇదే వారి బెంగ. మన ఊళ్లో వైశాఖమాసం మధ్యాహ్నం అవ్వగారి వంటింట్లో దీపం ఎందుకు? గుడ్డుకు కావలసినది సుమారు 26 నుండి 32 డిగ్రీలు. 35 దాటి అలాగే నిలిస్తే పిండం బ్రతకడం కష్టం. ఆ వారం బయట 40 డిగ్రీలు కాస్తున్నది, మధ్యాహ్నం కరెంటు పోవడం మామూలే. చిన్నప్పుడు వెన్నముద్ద కరగకుండా తిరుత్తణిలో ఏమి చేసేవారో అవ్వకే జ్ఞాపకం వచ్చింది. పెద్ద మట్టిబానలో ఇసుక పోసి తడిపి, నడుమ చిన్న కుండ కూర్చి, డబ్బా అందులో పెట్టి, పైన తడిగుడ్డ కప్పడం. కొళత్తూరు చేపల అంగడిలో కొన్న ఉష్ణమాపకం లోపల వేలాడదీశారు. మిట్టమధ్యాహ్నం కూడా కుండలోపల 31 దాటలేదు. రాత్రి 28. చిన్నపిల్ల లెక్కల నోటుపుస్తకం వెనుక ఆ అంకెలన్నీ పూటపూటా వ్రాసి ఉన్నవి.

ఈ అంకెలకు ఇంకొక అర్థం కూడా ఉన్నది. చిరుతబల్లికి ఆడా మగా అనేది తల్లిదండ్రులనుబట్టి కాదు, గుడ్డు ఉన్న చోటి వేడినిబట్టి తేలుతుంది. 26 డిగ్రీల దగ్గర ఎక్కువగా ఆడవి, 32, 33 దగ్గర ఎక్కువగా మగవి, ఇంకా రెండు డిగ్రీలు పెంచితే మళ్లీ ఆడవి! మన మొసళ్లలోనూ ఇటువంటిదే ఉన్నదని, 1976లో రోములస్ విటేకర్ స్థాపించిన మద్రాసు మొసళ్ల బ్యాంకులో 1980లలో పరీక్షించి చూశారు. అబ్బాయా అమ్మాయా అని చూడడానికి మనవాళ్లు పడే ఆరాటమూ, చేసే పాపాలూ తలచుకుంటే, ఈ లెక్క బల్లికే దక్కడం మంచిదయింది.

పదిరోజుల తరువాత ఒక రాత్రి దీపాలన్నీ ఆర్పి, గుడ్డును కదపకుండా ప్రక్కనుండి చిన్న టార్చి ఆనించి చూశారు. ప్రాణమున్న గుడ్డులో గులాబిరంగు వలయమూ, సన్నని ఎర్రని నరాలూ కనబడతవి. వట్టిదైతే పచ్చగా, ఖాళీగా వెలుగుతుంది. ఒకటి పచ్చగా వెలిగింది. నాలుగు రోజులకు సొట్టపడి బూజు పట్టింది, తీసి మందారచెట్టు మొదట్లో పూడ్చారు. రెండవదానిలో దారంపోగంత ఎరుపు. అవ్వ కళ్లద్దాలు తెప్పించుకొని చూసి, తరువాత నాతో అన్న మాట: "ఈ ఊరి అమ్మవారి పేరే ఎన్నై పెట్ర తాయార్. నన్ను కన్న తల్లి అని గదా అర్థం. ఆవిడ కోవెల ప్రక్కన ఉండి గుడ్లు పారవేయిస్తానా ఏమి?" ఇరవై రోజులక్రితం ఏమన్నారో నేను జ్ఞాపకం చేయలేదు.

అందరూ గుడ్లచుట్టూ తిరుగుతూ ఉంటే తల్లిని చూసినవారు లేరు. ఇది నేను గట్టిగా చెప్పదలచిన సంగతి. గుడ్డు పెంకుకు కావలసిన సున్నం ఆ తల్లి ఒంట్లోనుండే రావాలి. ఒకసారి పెట్టి ఊరుకోదు కూడా. రెండేసి చొప్పున, కొన్ని వారాల ఎడంతో ఆ ఋతువంతా పెట్టవచ్చును. వట్టి గుడ్లకైనా ఖర్చు అంతే. సున్నం చాలకపోతే ఎముకలు మెత్తబడతవి, కాళ్లు వణుకుతవి, తరువాతి గుడ్డు బయటకు రాక లోపలే అడ్డుపడి ప్రాణంమీదికి వస్తుంది. వీరి బల్లి గుడ్లు పెట్టిన నాలుగోనాటికి మేత ముట్టలేదు, లావుపాటి తోక సన్నబడింది, నడకలో వెనుకకాళ్లు ఈడుస్తున్నది. పెండ్లిపనులు ఆపి కోడలు దానిని అట్టపెట్టెలో పెట్టుకొని లోకల్ రైలెక్కి పట్నంలో పాకే ప్రాణులను చూసే పశువైద్యుని దగ్గరకు పోయింది. పెండ్లిచీరలు కొనడానికి పోయిన రైలులోనే బల్లి కూడా పోయింది. ఆయన కడుపు తడిమి చూసి, లోపల గుడ్లు అడ్డులేవని చెప్పి, కాల్షియం మందు నోట్లో చుక్కలుగా పోయమని వ్రాసి ఇచ్చాడు. మేతపురుగులను కాల్షియంపొడిలో దొర్లించి వేయమన్నాడు. తడి ఆకునాచు ఉన్న డబ్బా ఒకటి గుడ్లు పెట్టడానికి ఎప్పుడూ పెట్టెలో ఉంచమన్నాడు. పదిహేను రోజులకు తోక మళ్లీ నిండింది. ఎక్కడ చూపించాలో తెలియనివారు వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాలలో అడిగితే దారి చెబుతారు. 1903 నుండి ఉన్న కళాశాల అది.

పెండ్లినాడు ఇంటినిండా నలభైమంది. అంకురార్పణ పాలికలు ఒక మూల, బల్లిబాన ఒక మూల. తణుకునుండి వచ్చిన చుట్టమొకావిడ ఈ బానకూడా పాలికే అనుకొని భక్తిగా చెంబుతో నీళ్లు పోయబోతూ ఉంటే, పెండ్లిపీటలవైపు చూస్తూ కూర్చున్న అవ్వ "ఆగవే!" అని వేసిన కేక సన్నాయిని మించిపోయిందట. పెండ్లి చక్కగా జరిగింది. సాంబారులో ఉప్పు ఎక్కువయింది గాని దానికి బల్లి బాధ్యురాలు కాదు.

సాంబారు మాట వచ్చింది గనుక ఒక మాట. బల్లికి విషం లేదు, మన ఇంటిబల్లికీ లేదు, ఈ చిరుతబల్లికీ లేదు. కాని బల్లుల పేగులలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చును. బల్లి పడిన వంటకం తిని వాంతులైతే అనుమానించవలసినది దానినే. అందుచేత బల్లిని, గుడ్డును, ఆ పెట్టెను ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగాలి. వంటింటి తొట్టిలో పెట్టె కడగరాదు. అయిదేళ్లలోపు పిల్లలను ముట్టుకోనివ్వకపోవడమే మేలు.

యాభైనాలుగో రోజు తెల్లవారుజామున గుడ్డుమీద చెమటవంటి చుక్కలు కనబడినవి, తరువాత రెండు గీతలు. బల్లిపిల్లకు మూతిమీద రెండు గుడ్డుపళ్లు ఉంటవి, పెంకు చీల్చడానికే అవి. పని తీరగానే రాలిపోతవి. మధ్యాహ్నానికి బయటకు వచ్చింది. జానెడులో సగం కూడా లేదు. ఒంటిమీద మచ్చలు కాదు, నలుపూ పసుపూ పట్టెలు. పెరిగిన కొద్దీ ఆ పట్టెలే మచ్చలుగా విడిపోతవి. మూడు నాలుగు రోజులు దానికి మేత అక్కరలేదు, మొదటిసారి కుబుసం విడిచి, ఆ కుబుసమే తిని, తరువాత చిన్న పురుగులు పడుతుంది. తల్లి దగ్గర మాత్రం పెట్టరాదు. కన్నతల్లే అయినా గుర్తుపట్టదు, మేత అనుకొని మింగుతుంది. అవ్వకు ఈ ఒక్క సంగతి ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఇక చట్టం సంగతి. ముచ్చటగా ఉన్నదని ఇటువంటిదాన్ని కొనబోయేముందు, దాని కాగితాలు అడగండి, అటవీశాఖవారిని విచారించండి. అడవినుండి పట్టి తెచ్చినదానిని పెంచుకోవడం 1972నాటి వన్యప్రాణి చట్టంతో పెట్టుకున్న తగవు. విదేశీజాతులలో అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో ఉన్నవాటిని ఇంట ఉంచుకొనేవారు ప్రభుత్వంలో నమోదు చేయించాలని 2022లో చట్టాన్ని సవరించారు, 2024లో దానికి నిబంధనలు వచ్చినవి. పిల్లలు పుడితే అదీ చెప్పాలి. మన కథలోని స్నేహితుడు బల్లిని ఇచ్చాడు గాని కాగితం ఇవ్వలేదు. ఆ ఇంటి యజమాని అటవీశాఖ కార్యాలయానికి వెళ్లి అడిగి వస్తానన్నారు. అది తేలేదాకా పిల్లబల్లిని అడిగినవారికెవరికీ ఇవ్వవద్దని నేను గట్టిగా చెప్పాను. ముగ్గురు అడిగారు కూడా. ప్రాణం ఉన్నదాన్ని తాంబూలంలో పెట్టి ఇచ్చినట్లు ఇచ్చేస్తే, ఈ చిక్కు ఇంకొక మూడిళ్లకు పాకుతుంది.

బల్లి అంటే మనవారికి కాంచీపురం జ్ఞాపకం వస్తుంది. వరదరాజస్వామి కోవెలలో బంగారుబల్లిని, వెండిబల్లిని తాకి వస్తే బల్లిపాటు దోషం పోతుందని వాడుక. బొమ్మగా కాకుండా ప్రాణంతో ఉన్న బంగారుబల్లి కూడా మనకున్నదని చాలామందికి తెలియదు. తిరుపతి కొండలలో 1870లో బెడ్డోమ్ అనే ఆయన దానిని కనిపెట్టి లోకానికి చెప్పాడు. చాలాకాలం మరుగునపడి 1980లలో మళ్లీ తూర్పుకనుమలలో పరిశోధకులకు కనబడింది. మగది నిజంగానే పసిమివన్నెగా మెరుస్తుంది. బండల సందులలో ఎన్నో ఆడబల్లులు ఒకేచోట గుడ్లు అంటించి పోతవి. చట్టంలో మొదటి జాబితాకెక్కిన ప్రాణి అది, అంటే పులికున్న రక్షణే దానికీ ఉన్నది. కొండకు వెళ్లినప్పుడు రాతిసందులలో తెల్లటి గుడ్లు కనబడితే పిల్లల చేతులను దూరంగా పట్టుకోండి.

మన ఇళ్లలోని గోడబల్లి గుడ్లకు ఇంత హంగు అక్కరలేదు. పటాల వెనుక, తలుపు బందుల సందున, స్విచ్చిపెట్టెలలో బఠాణిగింజంత తెల్లటివి రెండు కనబడతవే, అవే. పెట్టినప్పుడు మెత్తగా, జిగురుగా ఉండి గాలి తగలగానే గట్టిపడతవి. చిరుతబల్లి గుడ్డువలె తడి కోరవు. కట్టెకు అంటుకున్నదాన్ని పెకలిస్తే పగులుతుంది, కాబట్టి పటాన్నే అటుదిటు కాకుండా, ఉన్న తీరునే నిలబెట్టి ఉంచాలి. నెలన్నర, రెండు నెలలలో పిల్ల వెళ్లిపోతుంది. గుడ్లతో ఉన్న ఆడబల్లిని గాజుకిటికీకి అవతలివైపునుండి చూస్తే కడుపులో రెండు తెల్లపూసలు తెలుస్తవి. మెడకు ఇరుప్రక్కల తెల్లని ఉబ్బు ఉంటే అది జబ్బు కాదు, పెంకుకోసం కూడబెట్టుకున్న సున్నం. వాన వెలిసిన సాయంకాలం దీపానికి ముసిరే ఉసిళ్లను తినిపెట్టేది అదే గదా.

ఆ ఇంట్లో ఇప్పుడు హాలుగోడమీది పెరుమాళ్ల పటం వెనుక అటువంటివి రెండున్నవి. చిన్నపిల్ల గోడమీదనే పెన్సిలుతో తేదీ వేసింది. పోయినవారం సున్నం కొట్టడానికి మనిషి వస్తే, ఆ పటమున్న గోడ ఒక్కటీ వదిలి మిగిలినవి కొట్టమని అవ్వ చెప్పింది. ఒక గోడ తక్కువ కనుక కూలి తగ్గించుకోమన్నదట కూడా, అతడు ఒప్పుకోలేదు.